పేదల వంటగదిలో పాఠం చెప్పినవారు, నేర్చుకున్నవారు



ఈ వారం కొంత చరిత్ర వ్రాస్తున్నాము. బీద కుటుంబాలకు తక్కువ ఖర్చుతో బలమైన భోజనం వండుకోవడం నేర్పించాలని బయలుదేరినవారి చరిత్ర ఇది. మన సంఘాల్లో స్త్రీల కూడిక జరిగినప్పుడో, మెడికల్ క్యాంపు పెట్టినప్పుడో “పౌష్టికాహారం మీద ఒక క్లాసు పెడదామా అయ్యగారూ” అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మంచి ఆలోచనే. అయితే ఈ ఆలోచన వచ్చిన మొదటివాళ్ళం మనం కాదు. రెండు వందల ఏళ్ళకు పైగా దేశదేశాల్లో మంచి మనసున్నవాళ్ళు ఈ పనికి పూనుకున్నారు. కొందరి పాఠాలు ఎవరికీ ఎక్కలేదు. కొందరి పాఠాలు వాళ్ళు ఊరు విడిచి వెళ్ళాక కూడా పిల్లల ఒంట్లో కనబడుతూ వచ్చాయి. ఆ తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం.

మొదట చెప్పుకోవలసిన మనిషి బెంజమిన్ థాంప్సన్. 1753లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టి, స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండు రాజు పక్షాన నిలిచి, తరువాత జర్మన్ ప్రాంతమైన బవేరియా పాలకుని కొలువులో చేరారు. కౌంట్ రంఫర్డ్ అనే బిరుదు అక్కడే వచ్చింది. 1790 జనవరి 1న మ్యూనిక్ వీధుల్లోని బిచ్చగాళ్ళను సైనికుల చేత పట్టించి, పనిశాలకు తరలించి, వాళ్ళ చేత సైన్యానికి బట్టలు తయారు చేయించి, సూపు పోయించారు. బార్లీ గింజలు, ఎండు బఠాణీలు, బంగాళాదుంపలు, కాస్త వెనిగర్, ఉప్పు, బోలెడు నీళ్ళు, పైన ఎండిన రొట్టె ముక్కలు. ఇవన్నీ గంటల తరబడి సన్న సెగ మీద ఉడికేవి. బంగాళాదుంప అంటే అప్పట్లో అక్కడి జనానికి ఇష్టం లేదు. అందుకని మొదట్లో ఆ సంగతి వాళ్ళకు తెలియకుండా, గుర్తుపట్టలేనంతగా చిదిపి కలిపేవారు. నీళ్ళు కూడా బాగా మరిగితే ఆహారంగా మారతాయని ఆయన నమ్మకం. అది తప్పని ఈనాడు బడిపిల్లలకూ తెలుసు. కాని కట్టెలు తక్కువ కాలే పొయ్యిలు కట్టడంలో మాత్రం ఆయన నిజంగా ఘనుడు. ఆ సూపు ఆయన పేరు మీద ఐరోపా అంతా పాకింది.

ఇక్కడ ఒకటి గమనించండి. తినేవాడికి ఏమి కలిపారో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

యాభై ఏళ్ళు దాటి వద్దాం. ఐర్లండులో 1845 నుండి బంగాళాదుంప పంట కుళ్ళిపోతూ వచ్చింది. కరువు. లండన్‌లో గొప్పవాళ్ళ క్లబ్బుకు ప్రధాన వంటవాడైన అలెక్సిస్ సోయర్ అనే ఫ్రెంచి ఆయనను ప్రభుత్వం డబ్లిన్‌కు పంపింది. 1847 ఏప్రిల్ 5న సైనికుల బ్యారక్స్ ఎదుట ఆయన మాదిరి వంటశాల తెరిచారు. గంట కొడితే నూరు మంది లోపలికి వెళ్ళాలి. గిన్నెలు బల్లకు అమర్చి ఉంటాయి, చెంచాలు గొలుసులకు కట్టి ఉంటాయి. మళ్ళీ గంట కొట్టేసరికి తాగి బయటికి వెళ్ళిపోవాలి. ఆయన ప్రకటించిన ఒక సూపులో రెండు గ్యాలన్ల నీటికి, అంటే ఇంచుమించు తొమ్మిది లీటర్లకు, పావు పౌను మాంసం. నూట పదమూడు గ్రాములన్నమాట. ఇది మనిషిని నిలబెట్టదని అప్పటి వైద్యులే అన్నారు. అంతకన్నా మనసుకు కష్టం కలిగించే విషయం ఇంకొకటి ఉంది. ఆ వంటశాల తెరిచినప్పుడు ఊరి పెద్దమనుషులు, దొరసానులు తలకు ఐదు షిల్లింగులు ఇచ్చి, బీదలు సూపు తాగుతుంటే చూడటానికి వచ్చారు.

సోయర్ చెడ్డవాడని మా అభిప్రాయం కాదు. 1854లో ఆయన ఒక్క షిల్లింగుకే దొరికే వంట పుస్తకం బీదల కోసం వ్రాశారు. ఇద్దరు స్త్రీలు ఒకరికొకరు వ్రాసుకునే ఉత్తరాల రూపంలో ఉంటుంది అది. మనసు పెట్టి చేసిన పని. కాని డబ్లిన్‌లో ఆ గంట మోత, ఆ గొలుసులు చూస్తే ఒక మాట అనాలనిపిస్తుంది: ఆకలిగొన్నవాడికి పెట్టడం వేరు, ఆకలిగొన్నవాణ్ణి ప్రదర్శనకు పెట్టడం వేరు. మన సంఘాల్లో బియ్యం మూట చేతికిచ్చి ఫోటో దిగేటప్పుడు కూడా ఇది జ్ఞాపకం ఉంచుకోవలసిందే.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. ఊరు అమెరికాలోని బోస్టన్. సంవత్సరం 1890.

ఎలెన్ స్వాలో రిచర్డ్స్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు అక్కడ ఉండేవారు. 1842లో పుట్టారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరిన మొదటి స్త్రీ ఆమె, 1873లో పట్టా పుచ్చుకున్నారు. తాగే నీళ్ళలో ఏమి కలుస్తున్నదో, బజారులో అమ్మే సరుకుల్లో ఏమి కల్తీ ఉందో పరీక్షించి చెప్పడంలో ఆమె చేసిన సేవ చాలా పెద్దది. ఆ రోజుల్లోనే తక్కువ ఆదాయం గలవారికి ఆరోగ్యమైన, పొదుపైన వంట గురించి వ్రాసిన వ్యాసానికి అమెరికా ప్రజారోగ్య సంఘం 500 డాలర్ల బహుమతి ప్రకటించింది. కళ్ళద్దాల వ్యాపారి హెన్రీ లాంబ్ ఆ డబ్బు ఇచ్చారు. బహుమతి మేరీ హిన్మన్ ఏబెల్ అనే ఆమెకు వచ్చింది. ఆమె జర్మనీలో కాపురమున్నప్పుడు అక్కడి ప్రజా వంటశాలలను చూసినవారు. ఆరుగురున్న ఇంటికి రోజుకు 78 సెంట్లు, అంటే మనిషికి 13 సెంట్లు మించకుండా ఏమేమి వండుకోవచ్చో లెక్కగట్టి చూపించారు.

రిచర్డ్స్, ఏబెల్ కలిసి ఆ జనవరిలో బోస్టన్‌లో “న్యూ ఇంగ్లండ్ కిచెన్” తెరిచారు. ధనవంతురాలైన ఒక దాత పెట్టుబడి ఇచ్చారు. ఉద్దేశం చాలా బాగుంది. వంట బాహాటంగా అందరికీ కనబడేటట్లు జరుగుతుంది. పని నుండి వచ్చే కూలి మనిషి అక్కడ గిన్నెడు కొనుక్కుని ఇంటికి పట్టుకుపోతాడు. అతని భార్య వచ్చి చూసి ఎలా వండారో నేర్చుకుంటుంది. మాంసం రసం, బఠాణీ సూపు, చేపల సూపు, మొక్కజొన్న సంకటి వంటివి అమ్మేవారు. ఏ రోజు కొన్నా అదే రుచి, అదే బలం ఉండాలని ప్రయోగశాలలో పరీక్షించి మరీ వండేవారు. రోగులకిచ్చే మాంసం రసం ఒక్కటి కుదరడానికే ఎన్నో వారాలు శ్రమపడ్డారు. ఇంత శ్రద్ధతో బీదల కోసం వంట చేసినవాళ్ళు అంతకు ముందు ఉన్నారో లేదో మాకు అనుమానమే.

ఎడ్వర్డ్ అట్కిన్సన్ అనే వ్యాపారి ఇందులో మరో పెద్ద. ఆయన “అల్లాదీన్ పెట్టె” అనే వంట పెట్టె కనిపెట్టారు. కిందొక కిరసనాయిలు దీపం, చుట్టూ వేడి బయటికి పోని మందమైన గోడలు. పొద్దున లోపల పెడితే అది నిదానంగా ఉడుకుతూ ఉంటుంది. చౌక రకం మాంసం కూడా మెత్తబడుతుంది. ఇంధనం బాగా ఆదా. కాని బోస్టన్ చలి ఎముకలు కొరికే చలి. బీదవాడి ఇంట్లో పొయ్యి వంటకే కాదు, పిల్లలు కాచుకోవడానికి, తడిబట్టలు ఆరడానికి కూడా అదే. వేడిని తన లోపలే దాచుకునే పెట్టె ఆ ఇంటికి ఏం పనికొస్తుంది? లెక్క వేసిన ఆయనకు ఇంధనం ఖర్చు ఒక్కటే కనబడింది.

చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఐర్లండు నుండి, ఇటలీ నుండి, తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన కూలీలు. కొద్దికాలం చూశారు, కొందరు కొన్నారు, ఆ తరువాత రావడం మానేశారు. ఉప్పు కారం లేని ఆ తిండి వాళ్ళ నోటికి ఎక్కలేదు. ఒంటికి మంచిదని తినడం తనకు అక్కరలేదని, ఏది ఇష్టమో అదే తింటానని ఒకామె మొహం మీదే చెప్పిన సంగతి ఆ వంటగది కథలో నిలిచిపోయింది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో రంఫర్డ్ పేరు పెట్టి ఇలాంటి వంటగదినే చూపిస్తే జనం మెచ్చుకున్నారు. 1894 నుండి బోస్టన్ హైస్కూళ్ళ పిల్లలకు మధ్యాహ్న భోజనం ఈ వంటగది నుండే వెళ్ళింది. అది గొప్ప సంగతే. పాఠశాల భోజనం చరిత్రలో దానికి స్థానం ఉంది. కాని ఎవరి పొయ్యి కోసం ఆ తలుపు తెరిచారో ఆ పొయ్యి దగ్గరికి మాత్రం పాఠం చేరలేదు.

కార్మిక నాయకులకు ఇంకొక అనుమానం ఉండేది. తక్కువతో బతకడం నేర్చుకుంటే యజమాని “వీళ్ళకు ఇది చాలు” అని కూలి తగ్గిస్తాడని. కూలి పెంచమని అడిగినవాళ్ళకు ఎముకల సూపు వండుకోమని సలహా ఇస్తున్నారని కోపగించుకున్నారు. ఈ కోపంలో న్యాయం ఉందని మేము అనుకుంటున్నాము. పొలం కోసిన పనివారి కూలి బిగపట్టినవారిని గూర్చి యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయంలో ఎంత గట్టిగా వ్రాశారో మనకు తెలుసు. పొదుపు వంట నేర్పేవారు కూలి మాట కూడా ఎత్తగలిగితేనే ఆ పాఠానికి విలువ. లేకపోతే కడుపు కట్టుకోవడం నేర్పినట్టే అవుతుంది.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ రోజుల శాస్త్రానికి విటమిన్ల సంగతి తెలియదు. ఆ పేరే 1912లో పుట్టింది. అప్పటికి తెలిసినవి మాంసకృత్తులు, కొవ్వు, పిండి పదార్థం, క్యాలరీలు. ఆ లెక్కలో ఆకుకూరలు, పండ్లు వట్టి దండగ. డబ్బు ఎక్కువ, క్యాలరీలు తక్కువ. అందుచేత ఇటలీ నుండి వచ్చిన తల్లి కూలి డబ్బుల్లో కొంత ఆకుకూరలకు, ఆలివ్ నూనెకు, తమ ఊరి జున్నుకు ఖర్చు పెడుతుంటే చదువుకున్నవారు తల పట్టుకున్నారు. అన్నీ కలిపి వండితే అరగదని కూడా బోధించారు. చిక్కుళ్ళు, ఆకుకూర, కాస్త నూనె, పైన రవ్వంత జున్ను కలిపి ఆ తల్లి వండిన పులుసే మంచి భోజనమని తరువాతి శాస్త్రం ఒప్పుకుంది. ప్రయోగశాల కన్నా ఆమె ముందుంది. ఆమెను అడిగినవారు లేరు, అంతే.

చికాగోలో జేన్ ఆడమ్స్ సంగతి కూడా చెప్పుకోవాలి. సాంఘిక సేవ చదువుకునే ప్రతివారూ ఈమె పేరు వింటారు. 1931లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నవారిలో ఒకరు. 1889లో స్నేహితురాలితో కలిసి బీదల వాడలో “హల్ హౌస్” అనే ఇల్లు తీసుకుని అక్కడే కాపురం పెట్టారు. చుట్టుపక్కల బట్టలు కుట్టే స్త్రీలకు వండుకునే తీరిక లేదు, డబ్బా సరుకులు కొని పిల్లలకు పెడుతున్నారు. అది చూసి, ఒకామెను బోస్టన్‌కు పంపి శిక్షణ ఇప్పించి, 1893లో తామూ ప్రజా వంటశాల తెరిచారు. అక్కడా అంతే జరిగింది. అన్ని దేశాల జనం, ఎవరి నాలుక వారిది. వంటశాల సూపు అమ్ముడుపోలేదు, దాన్ని ఆనుకుని పెట్టిన కాఫీ గది మాత్రం కళకళలాడింది. ఆ సంగతి ఆమె తన పుస్తకంలో దాచకుండా వ్రాశారు. ఇటలీ పల్లెల్లో తల్లులు పిండి ఇంట్లో పిసికి, ఊరుమ్మడి పొయ్యికి తీసుకెళ్ళి రొట్టె కాల్పించుకునేవారట. చికాగోలో ఉమ్మడి పొయ్యి లేదు, అర్థంకాని ఇనుప స్టవ్వు ఉంది. ఆ తల్లికి రొట్టె చేయడం రాదనుకుంటే పొరపాటు. వచ్చు. స్టవ్వు ఒక్కటే కొత్త. నేర్పవలసినది ఎంత చిన్నదో చూడండి! బడిలో వంట నేర్చుకున్న ఆమె కూతురు ఆ కొంచెం ఇంటికి తెచ్చి అమ్మకు చూపించేది.

బోస్టన్‌కే తిరిగి వెళ్దాం. ఎలెన్ రిచర్డ్స్ దగ్గర పనిచేసిన వారిలో ఫ్రాన్సిస్ స్టెర్న్ అనే యువతి ఉండేవారు. ఆ ఊరి యూదు కుటుంబంలో 1873లో పుట్టారు. తరువాత సాంఘిక సేవకురాలయ్యారు. 1918లో బోస్టన్ డిస్పెన్సరీలో, అంటే బీదల వైద్యశాలలో, ఆహార క్లినిక్ మొదలుపెట్టారు. రోగి రాగానే చీటీ వ్రాసి పంపేవారు కాదు. మీ ఇంట్లో ఏమి వండుతారు, ఎవరు వండుతారు, ఎంత డబ్బుంది అని మొదట అడిగేవారు. ఇటలీవాళ్ళకు ఇటలీ వంటల్లోనే, యూదులకు యూదుల వంటల్లోనే రోగానికి పనికొచ్చే మార్పు వెతికేవారు. ఆ క్లినిక్కులోనే పనిచేసిన బెర్తా వుడ్ 1922లో వలసవచ్చినవారి తిండి గురించి ఒక పుస్తకమే ప్రచురించారు. వైద్యులు, సేవకులు ముందుగా ఆ తిండి ఏమిటో తెలుసుకోవాలన్నదే దాని సారాంశం. గురువుగారు సూపు తూచారు, శిష్యురాలు ఇంటిని అడిగారు. ముప్ఫై ఏళ్ళలో అదే ఊళ్ళో వచ్చిన మార్పు ఇది.

ఆ మార్పు బీద దేశాల పల్లెలకు చేరడానికి మరికొంత కాలం పట్టింది. 1955లో హోసే మరియా బెంగోవా అనే వైద్యుడు, బక్కచిక్కిన పిల్లలను ఆసుపత్రిలో బాగుచేసి ఇంటికి పంపితే మళ్ళీ అదే స్థితిలో తిరిగివస్తున్నారని చూసి, తల్లులే వండి పెట్టి నేర్చుకునే కేంద్రాలు కావాలని ప్రతిపాదించారు. 1960లలో హైతీ దేశంలో అవి మొదలయ్యాయి. ఊరివాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో అలాంటి ఇల్లు, ఊరి సంతలో దొరికే సరుకు, ఊరి కుండలు. తల్లులు వంతులవారీగా వండుతారు. రెండు పాళ్ళ ధాన్యానికి ఒక పాలు చిక్కుడు గింజలు కలిపిన పిండి వాళ్ళ ముఖ్యమైన సాధనం. పాలపొడి డబ్బాతో అక్కడ పని లేదు.

ఇక వియత్నాం. మాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, కొంచెం వివరంగా వ్రాస్తాము.

1990 డిసెంబరులో జెర్రీ స్టెర్నిన్, మోనిక్ స్టెర్నిన్ అనే భార్యాభర్తలు సేవ్ ద చిల్డ్రన్ సంస్థ తరఫున హనోయి చేరారు. యుద్ధం ముగిసి పదిహేనేళ్ళు. అమెరికా ఆంక్షలు ఇంకా ఉన్నాయి. అమెరికావాళ్ళంటే అధికారులకు సహజంగానే అనుమానం. ఆరు నెలల్లో ఫలితం చూపించండి, లేకపోతే వెళ్ళిపోండి అన్నారు. అంతకుముందు వచ్చిన సంస్థలు తిండి పంచినంతకాలం పిల్లలు బాగుండేవారు. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ బక్కచిక్కేవారు.

థాన్ హోవా రాష్ట్రంలో నాలుగు ఊళ్ళు తీసుకున్నారు. ఊరి స్త్రీల సంఘంవాళ్ళే తక్కెడ పట్టుకుని పిల్లలందరినీ తూచారు. ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది తక్కువ బరువు. అప్పుడు ఒక ప్రశ్న వేశారు: ఇంత బీద ఊళ్ళో, బీద ఇంటి పిల్లవాడై ఉండి కూడా బలంగా ఉన్నవాడు ఎవరైనా ఉన్నాడా? లెక్కలు తిరగేసి చూసి, ఉన్నారు ఉన్నారని ఆ స్త్రీలే ఆశ్చర్యపడ్డారు. (ఇలాంటి ఇళ్ళను వెతకాలన్న ఆలోచనను పుస్తకంగా వ్రాసిన మరియన్ జైట్లిన్ పనిచేసింది బోస్టన్ పక్కనున్న టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో. ఫ్రాన్సిస్ స్టెర్న్ పేరు మీదున్న పోషకాహార కేంద్రం కూడా నేడు టఫ్ట్స్‌దే. మళ్ళీ ఆ ఊరే చూడండి.)

ఆ ఇళ్ళకు వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుని చూశారు. ఆ తల్లులు, తండ్రులు పొలం నుండి వస్తూ వరిమడిలో దొరికే చిన్న చిన్న రొయ్యలు, పీతలు, నత్తలు పట్టుకొస్తున్నారు. చిలగడదుంప తీగ ఆకు కోసి తెస్తున్నారు. రెండూ దండిగా, ఉచితంగా దొరికేవే. మిగతావాళ్ళు వాటిని పసిపిల్లలకు పడవని పెట్టడం లేదు. ఇంకొకటి, ఊళ్ళో అందరూ పొలానికి పోతూ ఒకసారి, వచ్చాక ఒకసారి పిల్లలకు అన్నం పెడుతుంటే, వీళ్ళు నాలుగైదుసార్లు పెడుతున్నారు. బియ్యం అవే, కొలత కూడా ఇంచుమించు అదే. చిన్న పొట్టలో ఒకేసారి ఎంతని పడుతుంది? తినిపించే ముందు చేతులు కడుగుతున్నారు. తినకపోతే వదిలేయకుండా దగ్గర కూర్చుని తినిపిస్తున్నారు.

ఇక ఈ సంగతి మిగతా తల్లులకు ఎలా చెప్పాలి? ఉపన్యాసం పెట్టలేదు. సుమారు రెండు వారాలపాటు తల్లులు రోజూ ఒక పొరుగింట్లో కూడి వండి పిల్లలకు పెట్టేవారు. లోపలికి రావడానికి రుసుము ఒక్కటే, గుప్పెడు రొయ్యలో పీతలో, కొంచెం ఆకుకూర తెచ్చుకోవాలి. తేవాలంటే మడిలోకి దిగి ఏరాలి. ఏరడం అలవాటైతే కూడిక ముగిశాక కూడా చేయి అటే పోతుంది. కొద్ది వారాల్లో పిల్లల బరువులో తేడా వచ్చింది. తల్లులు తమ కళ్ళతో తక్కెడ ముల్లు చూశారు. ఆరు నెలల గడువు దాటి ఆ దంపతులకు అక్కడ ఉండే అనుమతి దొరికింది. పని పక్క ఊళ్ళకు పాకింది. అక్కడ వాళ్ళు రొయ్యల పాఠాన్ని మోసుకెళ్ళలేదు. ప్రతి ఊళ్ళో మళ్ళీ మొదటినుంచి తూచి, మళ్ళీ ఆ ఊరి గట్టి పిల్లలను వెతికి, వాళ్ళ ఇంట్లో ఏముందో చూశారు. ఒకచోట వేరుశనగ, ఒకచోట నువ్వులు. కొన్నేళ్ళ తరువాత పరిశోధకులు వెళ్ళి చూస్తే, కార్యక్రమం ముగిశాక ఆ ఇళ్ళల్లో పుట్టిన చిన్న పిల్లలు కూడా మేలైన స్థితిలో ఉన్నారు.

2 రాజులు నాలుగవ అధ్యాయం మీరు ఎన్నోసార్లు చదివి ఉంటారు. అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోతానంటుంటే ఒక విధవరాలు ఎలీషా దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది. ప్రవక్త ఆమె చేతిలో ఏదో పెట్టి పంపలేదు. నీకేమి చేయాలని అడిగి, వెంటనే నీ ఇంట్లో ఏముందో చెప్పమన్నాడు. ఏమీ లేదు, నూనె కుండ ఒక్కటి ఉందని ఆమె అన్నది. ఏమీ లేదు అన్న మాట వెనకాలే ఆ నూనె కుండ వచ్చింది. తరువాత పాత్రలు ఇరుగుపొరుగు ఇళ్ళ నుండి వచ్చాయి. ఆ అద్భుతం దేవునిది. ఆ ప్రశ్న మాత్రం మనిషి అడగగలిగినదే, వియత్నాంలో అడిగారు, బోస్టన్‌లో మొదట అడగలేదు.

మన తెలుగు నేలకు కూడా ఈ చరిత్రలో చోటుంది. తమిళనాడులోని కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్నారు. బక్కచిక్కిన పిల్లల కోసం తల్లి ఇంట్లోనే చేసుకోగలిగేదిగా వాళ్ళు రూపొందించినది “హైదరాబాద్ మిక్స్”. వేయించిన గోధుమలు, శనగలు, వేరుశనగపప్పు, బెల్లం. అన్నీ మన కిరాణా కొట్టులో ఉండేవే. హైతీవాళ్ళ పిండికి అది సోదరి, మన నాయనమ్మల సత్తుపిండికి దగ్గరి చుట్టం. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు మరొక సంగతి లోకానికి చెప్పారు. విత్తకుండానే చేలో మొలిచే ఆకుకూరలు ఎన్నో ఉన్నాయని, కలుపు అని పీకి పారేసేవాటిలో కొన్ని బీద ఇంటి కూర అని. గునుగు, పొనగంటి, దొగ్గలి, తుమ్మి. ఈ పేర్లు చెప్పడానికి వాళ్ళు ఏ క్లాసుకూ పోలేదు.

ఇక్కడ ఒక మాట బాహాటంగా అనాలి. మా పేటల్లో పెద్దవాళ్ళు పీతలు తిన్నారు, నత్తలు తిన్నారు, బోటి తిన్నారు, ఎండుచేప తిన్నారు, చేలగట్ల మీది కూరాకు తిన్నారు. బడిలో, ఊళ్ళో దాని గురించి పడిన ఎగతాళి కూడా తిన్నారు. అందుకే నేటి పిల్లల తల్లులు చాలామంది ఆ తిండి పేరు ఎత్తడానికి సిగ్గుపడతారు. పది రూపాయల చిప్స్ ప్యాకెట్టు కొనివ్వడానికి సిగ్గుపడరు. ఎందుకంటే దానికి కులం లేదు. పోషకాహారం నేర్పడానికి వచ్చే మనిషి పాలు, పండ్లు, బాదం అని పట్టిక చదివి వెళ్ళిపోతే ఆ సిగ్గు ఇంకాస్త పెరుగుతుంది తప్ప పిల్లవాడి బరువు పెరగదు.

అయితే పాతదంతా మంచిదే అని కూడా మేము అనము. పురుగుమందు కొట్టిన మడిలోని నత్తను పసిపిల్లకు పెట్టమని ఎవరికీ చెప్పలేము. మందుల వల్ల మా కాలువ కింద పీతలే తగ్గిపోయాయి. గడ్డిమందు కొట్టిన గట్టు మీద పొనగంటి కోయమనలేము. వియత్నాం పద్ధతిలో ప్రతి ఊరూ మళ్ళీ మొదటినుంచి చూడాలన్నది ఇందుకే.

మా స్త్రీల కూడికవారు ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు. అంగన్‌వాడీ టీచరమ్మగారి దగ్గరున్న బరువుల పుస్తకం ఆమె సాయంతో చూసి, కూలి ఇళ్ళల్లో బరువు సరిగ్గా ఉన్న పిల్లలు ఎవరో గుర్తు పెట్టారు. తొమ్మిది ఇళ్ళు తేలాయి. ఇద్దరిద్దరు చొప్పున సాయంత్రం వంటవేళకు వెళ్ళి, పీట మీద కూర్చుని చూసి వస్తున్నారు. ఇప్పటికి నాలుగు ఇళ్ళు అయ్యాయి. రెండింట్లో మునగాకు పప్పులో వేస్తున్నారు, చెట్టు పొరుగువారిది. ఒకింట్లో అంగన్‌వాడీ గుడ్డు పిల్లకే పెడుతున్నారు, ఎవరూ పంచుకోవడం లేదు. నాలుగో ఇంట్లో తల్లి పొద్దున్నే నాట్లకు పోతుంది. మధ్యాహ్నం పదకొండింటికి, మూడింటికి అన్నం ముద్దలు కలిపి పిల్లకు తినిపించేది కళ్ళు సరిగ్గా కనబడని నాయనమ్మ. గిన్నె ఎక్కడుందో తడిమి చూసుకుంటుంది, పిల్ల నోరు ఎక్కడుందో ఆమెకు తడమకుండానే తెలుసట.